అన్ని వాకిళ్ళకూ అలిమేలమ్మ చెయ్యి

అలిమేలమ్మ నోటి సంగతి ముందే చెప్పేయడం మంచిది. తిరుత్తణి రైల్వే గూడ్సు షెడ్డు వెనకాల గుడిసెల్లో ఆ నోటికి జంకని మనిషి లేడు. అలాగని ఆమె అరిచే రకం కాదు. కొంగు బిగించి కేకలు వేసే ఆడవాళ్ళు అక్కడ కావలసినంత మంది ఉన్నారు, వాళ్ళంటే ఎవరికీ భయం లేదు. అలిమేలమ్మ మెల్లగా మాట్లాడుతుంది. ఎదుటివాడు అన్న మాటనే పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, వాడి విస్తట్లోనే వడ్డిస్తుంది. ఇక వాడు మింగలేడు, కక్కలేడు.

పుట్టింది కే.జీ.కండిగైలో, మెట్టింది తిరుత్తణిలో. రెండు వైపులా నేతపనివాళ్ళే. మొగుడు పళని షావుకారు మగ్గం మీద లుంగీలు నేసేవాడు, ఆమె పక్కన కూర్చుని కండెలు చుట్టేది. పళని మంచివాడే, అతని రొమ్ములో చేరిన జబ్బు మాత్రం మంచిది కాదు. పిల్లాజెల్లా కలగకముందే పోయాడు. షావుకారు మనిషిని పంపించి మగ్గం విప్పించి బండికెత్తించుకున్నాడు. గుడిసెలో, నేసేవాడు కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంట మిగిలింది, ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. ఒకరు అలిమేలమ్మ, ఇంకొకరు ఆమె అత్త సెల్లమ్మ.

కర్మ ముగిసిన వారంలోనే అలిమేలమ్మ తలమీద చుట్టకుదురు పెట్టుకుని ధర్మలింగం మేస్త్రి దగ్గర ఇటుకలు మోసే పనికి పోయింది. నేతవాళ్ళ వీధిలో అదొక గగ్గోలు. చౌడయ్య అని పళనికి చిన్నాన్న, సెల్లమ్మకు మరిది. ఆ గుడిసెల్లో నేతవాళ్ళకంతా పెద్దమనిషి. ఆయన పనిగట్టుకుని వచ్చి గుడిసె ముందు నిలబడ్డాడు.

"మే అలిమేలూ, నేతోళ్ళ కోడలు ఇటుకలు మోసేది యాడన్నా ఉండాదా? మా మొగాలు యాడ పెట్టుకోవల్ల?"

"మీ మొగాలు మీ కాడే పెట్టుకోండి మామా. నెత్తి మాత్రం నాకు కావల్ల, ఇటుకలు దానిమీదనే మొయ్యల్ల."

చౌడయ్య ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు.

సెల్లమ్మది పూర్తిగా వేరే తీరు. పళని చంకలో ఉండగానే మొగుడు పోయినది. అప్పటినుంచీ ఆమె తానొక మనిషి ఉన్నట్టే తెలియకుండా బతకడం నేర్చుకుంది. వీధిలో ఎవరైనా మంచి పనిమీద బయలుదేరుతుంటే గుడిసె చాటుకు తప్పుకునేది, ఎదురు పడకూడదని. పెళ్ళిళ్ళలో వంటల దగ్గర ఉండేది, పందిట్లోకి వచ్చేది కాదు. ఇదంతా ఎవరో చెప్తే చేసింది కాదు, మొదట్లో చెప్పి ఉంటారు, తర్వాత చెప్పవలసిన అవసరం లేకపోయింది. కోడలికి ఇది చూస్తే ఒళ్ళు మండిపోయేది. "ఎవురికత్తా నువ్వు దాంకునేది? దొంగతనం చేసినావా?" అని అడిగేది. సెల్లమ్మ నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే అలిమేలమ్మకు ఇంకా మండేది.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి వేసవిలో గుడిసెలు అంటుకున్నాయి. అంటుకోవడం కొత్త కాదు, ఏ వేసవికా వేసవి ఏదో ఒక మూల మండుతూనే ఉండేవి. ఈసారి గాలి ఎత్తుకుంది. మధ్యాహ్నం పనిలో ఉన్న అలిమేలమ్మ ఇటుకలు కింద పడేసి పరిగెత్తుకొచ్చేసరికి వరస మొత్తం బూడిద. సెల్లమ్మ ఆ బూడిదలో, మగ్గం గుంట గట్టుమీద కాళ్ళు వేలాడేసి కూర్చుని ఉంది. జుట్టు ఒకపక్క కమిలిపోయింది. "పోయిందిలే అలిమేలూ, మనకు ఇంతేలే" అంది.

ఆ "ఇంతేలే" అలిమేలమ్మకు గుండెల్లో దిగింది. మొగుడు పోయిననాడు కూడా అంత ఏడవలేదు. ముక్కు చీదుకుని లేచి, అందరూ వింటుండగా అంది: "నిన్ను పెంకుటింట్లో పండబెట్టకుండా నేను సావను. నువ్వూ సావొద్దు. సచ్చినావంటే ఊరుకోను." వినేవాళ్ళకు నవ్వొచ్చింది. ఇటుకలు మోసే మనిషి, పెంకుటిల్లట! ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

కానీ ఆ ఏడే ఇళ్ళ సంఘం వచ్చింది.

తిరువళ్ళూరులో కొందరు బడిపంతుళ్ళు, ఒక డాక్టరు, ఒక ఫాదరు కలిసి పెట్టుకున్న సంఘం అది. లాభం చూసుకునే వ్యాపారం కాదు. పేదవాళ్ళ ఇళ్ళకు ఇటుకలు, సిమెంటు, పెంకు, కొయ్య వాళ్ళు ఇస్తారు, మేస్త్రిని పెడతారు. కూలి మాత్రం ఇల్లు కావలసినవాళ్ళే చెయ్యాలి. గుడిసెలు కాలినవాళ్ళకు సర్కారు చిత్తూరు రోడ్డు దాటిన తర్వాత గులకరాళ్ళ నేల కొంత చూపించింది. అక్కడ ఇరవై చిల్లర ఇళ్ళు కట్టిస్తామని సంఘం తరఫున శివప్రకాశం అనే ఆయన వచ్చి చెప్పాడు. తమిళాయన, తెలుగు అర్థమవుతుంది, నోరు తిరిగినంత మాట్లాడతాడు. తిరువళ్ళూరు నుంచి బస్సులో వచ్చేవాడు. దారిలో కనకమ్మ సత్రం అనే ఊళ్ళో దిగి, టీ తాగి తర్వాతి బస్సు ఎక్కే అలవాటు వల్ల ఎప్పుడూ తాపీగానే వచ్చేవాడు. మనిషి మంచివాడు.

ఆయన పెట్టిన షరతు ఒకటే. "ఎల్లారుమ్ సేర్న్‌దు కట్టాలి. అందరూ కలిసి అన్ని ఇళ్ళూ కట్టాలి. ఎవరి ఇల్లు ఏదో ఇప్పుడు చెప్పం. పెంకు పరిచినాక చీటీ వేస్తాం. ఎవరికి ఏది వస్తే అది వాళ్ళది."

నేతవాళ్ళు కొందరు, రైల్వే కూలీలు కొందరు, రైసుమిల్లులో పనిచేసే క్రైస్తవ కుటుంబాలు కొన్ని, అందరూ కలిసి కట్టడం. రైసుమిల్లు రత్నస్వామి భార్య ఆరోగ్యమేరి, అలిమేలమ్మకు ఇటుకల పనిలో జతగత్తె. "అక్కా, అన్ని ఇండ్లలోనూ మగ్గం గుంట పెడతారంట గదా. మాకు మగ్గం లేదే, ఆ గుంటలో ఏం జేసేది?" అని అడిగింది.

"రత్నస్వామి తాగొచ్చిన దినం దాంట్లో దించు. పొద్దున దాంకా పైకి రాడు."

పని మొదలైంది. అలిమేలమ్మకు ఆ పని కొత్త కాదు గనుక ధర్మలింగం మేస్త్రి ఆడవాళ్ళ జట్టును ఆమె చేతిలో పెట్టేశాడు. తిరువాలంగాడు వైపు బట్టీల నుంచి లారీలో ఇటుకలు వచ్చేవి. దించడం, మోయడం, నీళ్ళు పట్టడం, సిమెంటు కలపడం, బాండ్లీలు అందించడం. అలిమేలమ్మ ఏ మూల చూసినా ఉండేది. నేతపని చేసే మగవాళ్ళు గుంటలో కూర్చుని నడుములు వంగిపోయినవాళ్ళు, ఇటుకలు మోయాలంటే వాళ్ళకు ప్రాణం మీదికి వచ్చేది. చౌడయ్య నీడ పట్టున కూర్చుని లారీలో ఎన్ని ఇటుకలు వచ్చాయో లెక్క చూసే పని సొంతంగా తీసుకున్నాడు. పెద్దమనిషి కదా, పోనీలెమ్మన్నారు.

పునాదులు లేచి మట్టం తేలింది. ఇక వాసకాళ్ళు నిలబెట్టాలి. వాసకాలంటే ద్వారబంధం. చింతచెట్టు కొయ్యతో చేయించిన ద్వారబంధాలు లారీలో వచ్చి వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. మేస్త్రి మంచిరోజు చూడమన్నాడు. సరిగ్గా అక్కడ పేచీ వచ్చింది.

చౌడయ్య లేచి నిలబడ్డాడు. "వాసకాలు నిలబెట్టేదంటే ఆటనా? ఆ ఇంటి ఇల్లాలు వచ్చి పసుపు పూసి, బొట్టు పెట్టి, నవధాన్యం మూట కట్టల్ల. అప్పుడే అది ఇల్లు. లేకుంటే దొడ్డి. ఎవురి ఇల్లో తెలీకుండా ఎవురొచ్చి పూస్తారు? సార్, చీటీలు ఇప్పుడే వేసేయండి. ఎవురి వాకిలి వాళ్ళు నిలబెట్టుకుంటారు."

"అవును, అవును" అని నాలుగు గొంతులు లేచాయి. అందులో తప్పేముంది మరి? ఆరోగ్యమేరి వాళ్ళ తరఫు మనుషులు కూడా తలలు ఊపారు. వాళ్ళకు పసుపు లేకపోయినా ప్రార్థన ఉంది. ఏ ఇల్లో తెలిస్తే ఆ ఇంటి ముందు మోకరిల్లుతారు.

శివప్రకాశం ఇబ్బందిగా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీ సంప్రదాయంలో నేను తల దూర్చను. చీటీ చివర్లో వెయ్యాలనేది సంఘం మాట. కానీ మీరందరూ ఒకే మాటమీద ఉంటే నేను పైవాళ్ళకు చెప్తాను. వచ్చే శుక్రవారం వస్తాను, అప్పటికి తేల్చుకోండి" అని బస్సెక్కాడు.

ఆ రోజు అలిమేలమ్మ తిరుగుమాట వెయ్యకుండా బాండ్లి ఎత్తుకుని పనిలోకి పోయింది. జనం అది గమనించారు కూడా. ఆమెకు భయం పుట్టింది. చౌడయ్య మాటలో తప్పు దొరక్క కాదు, ఆ మాట వెనక రాబోయేది కనబడి.

మర్నాడు పని మానుకుని కే.జీ.కండిగై పోయింది. అక్కడ ఆమె పెద్దమ్మ కూతురు, వయసులో తనకన్నా చిన్నదైన కన్నమ్మ ఉంది. రెండేళ్ళ కిందట ఆ ఊళ్ళోనూ ఇంకెవరో ఇలాగే ఇళ్ళు కట్టించారు. అక్కడ ముందే ఎవరి ఇల్లు వాళ్ళకు చూపించేశారు. అలిమేలమ్మ చెల్లెలి ఇంటి ముందు నిలబడి చూసింది. పక్క ఇళ్ళకు కప్పు పడింది, సున్నం కొట్టారు, ఒకాయన తులసికోట కూడా కట్టుకున్నాడు. కన్నమ్మ గోడలు కిటికీ ఎత్తుకు వచ్చి ఆగిపోయాయి. లోపల మేకలు కట్టేసి ఉన్నాయి.

"ఏందిమే ఇది?"

"ఏముందక్కా. ఆయన మంచం పట్టినాడు. నేను ఒంటిదాన్ని. ఎవురి ఇల్లు వాళ్ళు ముగించుకున్నాక ఇంగ ఎవురొస్తారు? అడిగితే రేపు అంటారు. అడగలేక నేనే మానుకున్నా." కన్నమ్మ కళ్ళు తుడుచుకుని, "మేకలు బాగుండాయిలే" అని నవ్వబోయింది.

తిరుగు బస్సులో అలిమేలమ్మ కిటికీ పక్కన కూర్చుంది గానీ బయట ఏమీ కనబడలేదు. మగదిక్కు లేని ఇల్లు తనది. ఇద్దరు ఆడవాళ్ళు, అందులో ఒకరు ముసలి. ఇవాళ చీటీ పడితే రేపటినుంచి అందరూ ఎవరి గోడ దగ్గర వాళ్ళుంటారు. ఎవరికి వారే యమునా తీరే. తన గోడ కిటికీ దగ్గర ఆగుతుంది. అందరి ఇళ్ళకూ ఇటుకలు మోసింది తాను, మేకలను కట్టేసుకునేదీ తానే! ఇందులో చెడ్డవాళ్ళెవరూ లేరు. చౌడయ్య కూడా చెడ్డవాడు కాదు. అదే ఆమెకు మరీ కోపం తెప్పించింది. చెడ్డవాడైతే తిట్టిపోసి ఊరుకోవచ్చు.

బస్సు తిరుత్తణి కొండ మలుపు తిరిగేలోపల కోపం చల్లారి బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. దిగేటప్పటికి ఆమె ముఖంలో పాత అలిమేలమ్మ తిరిగొచ్చింది. బస్టాండులో ఒక మూర కనకాంబరాలు కొని తెచ్చి ఆరోగ్యమేరి తలలో పెట్టింది. "ఏందక్కా, పండగా?" అంటే, "శుక్రవారం చెప్తా" అంది.

శుక్రవారం ద్వారబంధాల పక్కనే అందరూ కూడారు. శివప్రకాశం ఇటుకల దొంతి మీద కూర్చున్నాడు. చౌడయ్య మళ్ళీ తన మాట చెప్పాడు, పైపెచ్చు ఒక సామెత కూడా జోడించాడు: "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందంట. ఎవురిది వాళ్ళకు తెలిస్తేనే పని బాగా జరుగుతుంది."

అలిమేలమ్మ లేచింది. "మామ చెప్పేది నిజం" అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు. చౌడయ్యే అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయాడు.

"వాకిలికి ఆ ఇంటి ఆడదాని చెయ్యి పడల్ల. పడకపోతే అది ఇల్లే కాదు, దొడ్డి. నేనూ ఒప్పుకుంటా. అయితే ఒకటి. నేను కండిగైకి పోయి వచ్చినా. మా చెల్లెలు కన్నమ్మకు ముందే ఇల్లు చూపించినారు. దాంట్లో ఇప్పుడు మేకలుండాయి. నమ్మకపోతే పోయి చూసి రాండి, బస్సు ఉండాది. చీటీ ఇప్పుడే వేస్తే నా ఇంటి గతీ అంతే. ఒక్క నాదే కాదు, మొగోడు మంచం పట్టిన ఇల్లు, మొగోడు తాగిపండుకునే ఇల్లు, అన్నిటిదీ అంతే. అందుకే చీటీ ఆఖర్నే వెయ్యల్ల. వాకిలికి ఇల్లాలి చెయ్యీ పడల్ల. రెండూ జరగల్ల."

"రెండూ ఎట్లా జరుగుతాయి?" అన్నాడు చౌడయ్య.

"అన్ని వాకిళ్ళకూ అందరి చేతులూ పడల్ల. ప్రతి వాసకాలికీ ప్రతి ఇంటి ఆడదీ పసుపు పూస్తుంది. రేపు చీటీలో ఎవురికి ఏది వచ్చినా, ఆ ఇల్లాలి చెయ్యి దాంట్లో ముందే ఉంటుంది. తప్పెట్లా అవుతుంది?"

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నచ్చిందని తెలుస్తూనే ఉంది. శివప్రకాశం మొహం వికసించింది. ఆరోగ్యమేరి, "మేము పసుపు పూయం, బొట్టు పెట్టం. చెయ్యి ఆనించి జపం చెప్తాం, సరేనా?" అంది. సరే, సరే అన్నారు.

అప్పుడు చౌడయ్య మెల్లగా అడిగాడు. "అందరూ అంటే?"

"అందరూ అంటే అందరూ."

"నువ్వూనా?"

అందరికీ తెలిసిన ప్రశ్నే, ఎవరూ అడగలేక ఊరుకున్నది. తాళి తెగిన మనిషి వాకిలికి పసుపు పూయడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. సెల్లమ్మ జనం వెనక కూర్చుని ఉన్నది, ఆ మాట వినగానే లేచి చాటుకు వెళ్ళిపోయింది. అలిమేలమ్మ అది చూసింది. కళ్ళలో తిరిగిన నీళ్ళు కొంగుతో ఒత్తుకుని చౌడయ్య వైపు తిరిగింది.

"సరే మామా. నా ఇల్లు ఏదో చెప్పు. ఆ ఒక్కదానికే పూస్తా. మిగతా వాకిళ్ళ దిక్కే చూడను."

"నాకెట్లా తెలుస్తుంది?"

"తెలీదు గదా. నాకూ తెలీదు. సారుకూ తెలీదు. నన్ను తగలనీకుండా పెట్టిన వాకిలే నాకొచ్చిందనుకో, అప్పుడు నువ్వు చెప్పిన శాస్త్రమే తప్పుతుంది. ఇల్లాలి చెయ్యి పడని ఇల్లు నాకు కట్టబెట్టినట్లు అవుతుంది. శాస్త్రం నీది మామా. నేను దాన్ని కాపాడతా ఉండా, అంతే."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చౌడయ్య ముఖం ఎర్రబడింది. "అంతా సరే. విధవ చెయ్యి తగిలిన వాకిలి నాకొస్తే? నా కోడళ్ళు, నా మనవలు తిరిగే ఇల్లు అది. వాళ్ళకేమన్నా అయితే ఎవురు పూచీ?"

ఆయన భయం నిజమైన భయమే, నటన కాదు. అందుకే ఆ మాట అలిమేలమ్మకు చెంపదెబ్బ తగిలినట్లు తగిలింది. జీవితంలో మొదటిసారి తిరుగుమాట దొరకలేదు.

మాట్లాడింది అమృతవల్లి. చౌడయ్య భార్య. నలుగురిలో మొగుడి మాటకు ఎదురు చెప్పి ఎరగని మనిషి. కూర్చున్న చోటినుంచే, పైట సర్దుకుంటూ, ఇంట్లో కూరకు ఉప్పు చాలలేదన్నంత మామూలుగా అంది:

"ఆ చెయ్యి తగలకుండా ఇల్లు కావల్లంటే, ముందు పునాది తవ్వించండి. దాంట్లో అలిమేలు మోసిన ఇటుకలు యావో, మిగతావి యావో ఏరండి. లెక్క మీ కాడే ఉండాది గదా, నీడలో కూసోని రాసినారు. ఆ ఇటుకలన్నీ తీసి బయట పారేసినాక వాకిలి సంగతి మాట్లాడుదాం."

ఓ నవ్వు లేచింది, మగవాళ్ళూ ఆడవాళ్ళూ అనే తేడా లేకుండా. ధర్మలింగం మేస్త్రి నవ్వలేక దగ్గాడు. పునాదిలో ఆమె మోయని ఇటుక ఎక్కడుంది? చౌడయ్య భార్య వైపు చూశాడు, పునాదుల వైపు చూశాడు. కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆడోళ్ళంతా ఒకటైతే నేనేం జేసేది. కానీండి" అన్నాడు. పెద్దమనిషి కానీండి అన్నాక ఇక ఎవరు కాదంటారు?

ఆవణి నెలలో, మన శ్రావణమాసం రోజుల్లో, మంచిరోజున తెల్లారగానే అన్ని వాసకాళ్ళూ ఒకేసారి నిలబెట్టారు. వరసగా ద్వారాలు, గోడలు లేని ద్వారాలు, వాటిలోంచి అటుపక్క కొండ కనబడుతోంది. ఆడవాళ్ళు స్నానాలు చేసి పసుపు పళ్ళాలతో వచ్చారు. ఒక్కొక్కరూ వంతులవారీగా పూసుకుంటూ పోతుంటే, వెనకే ఆరోగ్యమేరి వాళ్ళు కొయ్యకు చెయ్యి ఆనించి పెదవులు కదుపుతూ వస్తున్నారు.

అలిమేలమ్మ వంతు వచ్చింది. నోటికొచ్చినట్లు అన్నంత తేలిక కాదు చెయ్యడం. ఆమె చెయ్యి పళ్ళెం మీద ఆగిపోయింది. మొగుడు పోయిననాటి నుంచి పసుపు ముట్టలేదు. ఒకామె ముఖం పక్కకు తిప్పుకుంది. అలిమేలమ్మకు అది కనబడింది, సిగ్గేసింది, సిగ్గేసినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. అమృతవల్లి పళ్ళేన్ని ఇంకొంచెం ముందుకు జరిపి, "తడి ఆరిపోతా ఉండాదిమే, బిరీన కానీ" అంది.

ముంచింది. పూసింది. కొయ్య గరుకుగా ఉంది, పసుపు చల్లగా ఉంది. అరచెయ్యి తిప్పి చూసుకుంటే పచ్చగా మెరుస్తోంది. పళని గుర్తొచ్చాడు, ఏడుపొచ్చింది, ఆ ఏడుపులోనే పట్టలేని సంతోషం కూడా వచ్చింది. రెండో వాసకాలికి పూసింది. మూడోదానికి పూసింది. వరస చివరికి వచ్చేసరికి ఎండ ఎక్కి అందరికీ ఆకలేసింది. ఎవరి చెయ్యి ఎక్కడ పడుతోందో చూసే ఓపిక ఎవరికీ మిగల్లేదు. ముఖం తిప్పుకున్నామె కూడా, "నాకు నడుము పడిపోయింది అక్కా, నా వంతు కూడా నువ్వే పూసేయ్" అంది. "కుదరదు, నీ ఇంటికి నీ చెయ్యే" అంది అలిమేలమ్మ.

సెల్లమ్మ మాత్రం రాలేదు. ఎంత పిలిచినా రాలేదు. "నీ చెయ్యి చాల్లే, ఇంటికి ఒక చెయ్యి చాలు" అని తప్పించుకుంది.

ఆ తర్వాత పని జరిగిన తీరు చూడాలి! ఏ ఇల్లు తనదో ఎవరికీ తెలియదు గనుక ప్రతి ఇల్లూ ప్రతివాడిదే. ఒకరోజు చివరి ఇంటి గోడ ఒక పక్కకు ఒరిగిందని చౌడయ్య నీడలోంచి లేచి వచ్చి, గుండు కట్టిన దారం తానే వేలాడదీసి, మేస్త్రి మీద విరుచుకుపడ్డాడు. "ఇది నాకొస్తే నేను వంకర గోడ కింద పండుకోవల్లనా? విప్పు, విప్పి కట్టు." ధర్మలింగం గొణుక్కుంటూ విప్పి కట్టాడు. అలిమేలమ్మ బాండ్లి అందిస్తూ, "అబ్బా, ఉమ్మడి గొర్రెకు ఎంత మేపు మామా!" అంది. చౌడయ్య వినబడనట్లు నటించాడు, మూతి మీది నవ్వు మాత్రం దాచుకోలేకపోయాడు.

వానలకు కొంత ఆగి, చలికాలంలో పెంకు పరిచారు. ఒక్క ఇల్లు కూడా కిటికీ ఎత్తులో ఆగలేదు.

చీటీల రోజు తిరువళ్ళూరు నుంచి సంఘంవాళ్ళంతా వచ్చారు. ఇత్తడి బిందెలో చీటీలు వేసి కలిపారు. తమాషా ఏమిటంటే, అన్నాళ్ళు దేనికోసమైతే కొట్టుకున్నారో ఆ చీటీ తీసేటప్పుడు ఎవరికీ పెద్దగా ఆదుర్దా లేదు. ఏది వచ్చినా ఒకటే గదా. చౌడయ్యకు వరసలో మొదటిది వచ్చింది. ఆరోగ్యమేరికి చింతమాను పక్కది. అలిమేలమ్మకు నడిమిది. తాళంచెవి తీసుకుని బొడ్లో దోపుకుంది. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.

పాలు పొంగించడానికి ఎవరి వాకిళ్ళ ముందు వాళ్ళు చేరారు. అలిమేలమ్మ తలుపు తెరిచి, పాలగిన్నె చేత పట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే అత్త పక్కన లేదు. వీధికి అవతల గోడవార నిలబడి ఉంది, చంకలో బట్టల మూటతో.

"అత్తా, రా."

"నువ్వు పో. ముందు అమృతవల్లిని పిలు. ముత్తైదువ అడుగు పడనీ. ఆ ఎనక నేను ఎనకపక్క నించి వస్తాలే."

"ఎనకపక్క నించా?" అలిమేలమ్మ వీధి దాటి వచ్చి అత్త ఎదురుగా నిలబడింది. గొంతు మెల్లగానే ఉంది. "ఈ ఇంటికి ఎనకపక్క వాకిలి లేదత్తా. సంగమోళ్ళు ఒకటే పెట్టినారు. నువ్వు లోపలికి రావల్లంటే దాంట్లోనే రావల్ల, నలుగురూ చూస్తా ఉండంగా."

"నేను మొదట తొక్కితే మంచిది కాదే. కష్టపడి కట్టుకున్నావు. ఇంటికేమన్నా అయితే..."

"ఇల్లు కట్టింది నీకోసం. నువ్వు తొక్కితే చెడిపోయే ఇల్లయితే చెడిపోనీ, నాకొద్దు. ఇక్కడే నిలబడతా, పాలు ఈడనే పారబోస్తా." నిజంగానే పారబోసేలా గిన్నె వంచింది.

అమృతవల్లి తన వాకిట్లోంచి చూస్తోంది. చౌడయ్యా చూస్తున్నాడు. వీధంతా చూస్తోంది. అప్పుడు చౌడయ్య అక్కడినుంచే గట్టిగా, అందరికీ వినబడేలా అన్నాడు: "వదినా, ఎండలో ఎంతసేపు నిలబెడతావు బిడ్డను? పో లోపలికి."

సెల్లమ్మ మూట నేలమీద పెట్టింది. మళ్ళీ తీసుకుంది. కోడలి చెయ్యి పట్టుకుని వీధి దాటింది. గడప ముందు ఆగి, పసిపిల్ల అడిగినట్లు అడిగింది, "ఏ కాలు పెట్టల్ల?"

"కుడికాలు పెట్టు. తప్పి ఎడమకాలు పెట్టినా ఎవురూ అడగరు. ఇల్లు మనది."

సెల్లమ్మ లోపలికి అడుగు వేసింది. ఏ కాలు వేసిందో అలిమేలమ్మకు కనబడలేదు. కళ్ళనిండా నీళ్ళు.